ప్లగ్గమ్మ పరీక్ష

ప్రాణం మీదికొచ్చినవాళ్లు అంబులెన్సు కోసం ఫోన్ చేసే ఆ గదిలో కంప్యూటర్లు చూసుకునే ఆవిడని అందరూ ప్లగ్గమ్మ అంటారు. అనరా మరి! కరెంటు పోతే కంప్యూటర్లను నిలబెట్టే యూపీఎస్ ఏది తెచ్చినా, ముందు గోడలోంచి ప్లగ్గు పీకి చూస్తుంది. పెట్టె మీద ఎన్ని గొప్పలు రాసుంటే ఏం లాభం, రాతలు కంప్యూటర్లని నడుపుతాయా?

ఆ పట్టుదల ఊరికే రాలేదు. ఆ గదిలో ఫోన్లు కూడా కంప్యూటర్ల మీదే నడుస్తాయి. కిందటి నెల కరెంటు ఇలా పోయి అలా వచ్చింది. పాత యూపీఎస్ బ్యాటరీకి మారేలోపే అన్నీ ఆరిపోయి, ఒక ముసలాయన కాల్ తెగిపోయింది. పాపం, అడ్రసు ఇంకా చెప్పనేలేదు. ఆయన ఏమయ్యాడో తెలియక ప్లగ్గమ్మకి అన్నం సహించడం లేదు.

ఈసారి ఏరికోరి తెచ్చింది ఎప్పుడూ బ్యాటరీ మీదుగానే కరెంటిచ్చే రకం. దానికి మారాల్సిన పనే లేదు. కాల్స్ అన్నీ పక్క గదికి మళ్లించి ప్లగ్గు పీకింది. తెరలు మినుక్కుమనలేదు. హమ్మయ్య అనుకునేలోపు యూపీఎస్ కీచుమని అరిచి ఆగిపోయింది.

"నీ చెయ్యి పడితే ఏదైనా చావాల్సిందే తల్లీ," అని నవ్వింది, ప్లగ్గమ్మ వరసకి వదిన అని పిలిచే ఫోన్లు ఎత్తే ఆవిడ, అప్పుడే ఆన్ చేసిన ప్రింటరు దగ్గర నిలబడి.

ప్లగ్గమ్మ ప్రింటరు వైరు పట్టుకుని బల్ల కిందికి పాకింది. అది వెళ్లి యూపీఎస్‌లోనే దూరింది! వేడెక్కేటప్పుడు ఆ ప్రింటరు గదిలో కంప్యూటర్లన్నీ లాగేదానికన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది.

"దీన్నిక్కడ పెట్టిన మహానుభావుడెవరు?"

"నేనే. ఖాళీగా కనిపిస్తే పెట్టాను," అంది వదిన, నవ్వు ఆపేసి.

"నీకో దణ్ణం వదినా!" అంటూ ప్రింటరుని గోడకి తగిలించి మళ్లీ ప్లగ్గు పీకింది. ఈసారి యూపీఎస్ నిలబడింది.

ఆ వారంలోనే పట్టపగలు గాలివాన విరుచుకుపడింది. వదిన ఒక కాల్‌ని అందరికీ వినపడేలా స్పీకరులో పెట్టింది. అవతల ఒక తండ్రి. పసిపాపకి ఊపిరి ఆడటం లేదు. అంబులెన్సు దారిలో ఉంది.

"ఏడవకు నాయనా. పాప నోరూ ముక్కూ కలిపి నీ నోటితో మూసి, మెల్లగా ఊదు. ఛాతీ లేచిందా? మళ్లీ ఊదు."

ఠప్పున లైట్లు ఆరాయి. కిటికీలోంచి చూస్తే వీధిలో దుకాణాల దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. ప్లగ్గమ్మ గిరుక్కున యూపీఎస్ వైపు తిరిగింది.

"ఊదు నాయనా, నేనున్నాను," అంటూనే ఉంది వదిన. వెలుగుతున్న తెర ముందు ఆ గొంతు ఇసుమంతైనా వణకలేదు. ఊరంతా ఆగిపోయింది, ఆ మాట ఆగలేదు. ఎంత గొప్ప మనిషిని ప్రింటరు కోసం దెప్పాను అనుకుంది ప్లగ్గమ్మ.

స్పీకరులోంచి సన్నగా ఒక దగ్గు వినిపించింది. ఆ వెంటనే గది అదిరేలా పాప ఏడుపు! ప్లగ్గమ్మ చేతులు జోడించి నిలబడిపోయింది. ఎవరికి దణ్ణం పెడుతోందో తనకే తెలియలేదు.

అంబులెన్సు వాళ్లు పాపని అందుకున్నాక వదిన వెనక్కి వాలి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"అబ్బా, ఉక్కపోస్తోంది. ఫ్యాన్లు ఎవరు కట్టేశారు?"