నిండుగా వెళ్లి నిండుగా వచ్చిన సీసా

నేను ఒక నీళ్ల సీసాని. నీలం రంగు ప్లాస్టిక్ ఒళ్లు, తెల్ల మూత, మెడకు తాడు. ముందే చెబుతున్నాను, నాకు ఓర్వలేనితనం ఎక్కువ. అది పుట్టుకతో వచ్చింది. ఫ్యాక్టరీలో నన్ను పోసిన రోజునే పక్క అచ్చులోంచి ఒక గులాబీ రంగు సీసా దిగింది. దానికి మూతలో గొట్టం, పొట్ట మీద ఎలుగుబంటి బొమ్మ. నాకు ఏ బొమ్మా లేదు. అంగట్లో ఇద్దరం ఒకే కుప్పలో పడి ఉంటే, పిల్లలు నన్ను పక్కకు తోసి మరీ దాన్ని పట్టుకునేవాళ్లు.

చివరికి స్వరూప అనే బీడీలు చుట్టే ఆమె బేరమాడి నన్ను కొన్నది, తన కొడుకు అభిలాష్ కోసం. వాడి దగ్గర దర్జాగా బతికాను. ఇంటర్వెల్ గంట కొట్టేసరికి నన్ను ఖాళీ చేసి, కుళాయి కింద మళ్లీ నింపి, అదీ తాగి, నాతో దోస్తుల వీపుల మీద దరువేసేవాడు. తాగిందంతా కాసేపటికి బడి వెనక గోడకు పోసేవాడు. మగపిల్లలకు ఏ గోడైనా సరిపోతుంది కదా. పెద్దబడికి పోగానే వాడికి స్టీలు సీసా వచ్చింది. దాన్ని చూసి ఎంత కుళ్లుకున్నానో చెప్పలేను. నేను వాడి చెల్లెలు తన్వికకు దక్కాను.

తన్విక మూడో తరగతి. నన్ను రోజూ గుడ్డతో తుడిచేది, చప్పుడు కాకుండా కింద పెట్టేది. కానీ తాగేది కాదు. పొద్దున నిండుగా వెళ్లి సాయంత్రం నిండుగా వచ్చేదాన్ని. బడి వరండాలో నా పక్కనున్న సీసాలన్నీ మధ్యాహ్నానికే తేలికైపోయి ఊగుతుంటే, నేను బరువుతో వేలాడేదాన్ని. స్వరూప మాత్రం, మా పిల్ల సీసా ఒలకనివ్వదు, పోగొట్టదు అని పక్కింటివాళ్లకు చెప్పి మురిసిపోయేది. పిల్లను బుద్ధిమంతురాలనడానికి మనుషులకు ఇంత చాలు.

ఇల్లు చేరగానే ఆ పిల్ల సంచీ పడేసి బాత్రూంకు ఒకటే పరుగు. తిరిగొచ్చి కుండలో నీళ్లు గ్లాసు మీద గ్లాసు తాగేది. నాలోవి కరివేపాకు చెట్టుకు పోసేవాళ్లు. కుండంటే నాకు మంట. ఆ కరివేపాకు చెట్టంటే మరీ మంట. పొద్దున అదే కుండలోంచి నన్ను నింపారు కదా, నాలోకి వచ్చేసరికి ఆ నీళ్లు ఏం పాడయ్యాయో నాకు అర్థమయ్యేది కాదు.

అలా ఉండగా పిల్లకు మూత్రం పోసేటప్పుడు మంట మొదలైంది. ఏనాడో మానిన పక్క తడపడం మళ్లీ వచ్చింది. వేడి చేసిందన్నారు అందరూ. సబ్జా గింజల నీళ్లు, బార్లీ నీళ్లు తాగించారు. చలిజ్వరం వచ్చాక గానీ సర్కారు దవాఖానకు తీసుకుపోలేదు. నేనూ భుజాన వేలాడుతూ వెళ్లాను. అక్కడ డాక్టర్ నస్రీన్ ఒక చిన్న కప్పు ఇచ్చి, మొదట కొంచెం వదిలేసి మధ్యలోది పట్టమని తల్లికి చెప్పింది. ఆ కప్పులో ఒక కాగితం ముక్క ముంచితే రంగు మారింది. అందరూ ఆ కప్పు చుట్టూ మూగారు. బొటనవేలంత లేదు, దానికి ఎంత మర్యాదో. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని డాక్టర్ తేల్చి మందుసీసా రాసింది.

ఇక ఆ మందుసీసా సంగతి. ముక్కు మూసుకునైనా దాన్ని తాగేది తన్విక. నన్ను తాగనిది, ఆ చేదుదాన్ని మూతతో కొలుచుకుని మరీ తాగింది. జ్వరం తగ్గగానే స్వరూప ఆ మందు ఆపేసి, మళ్లీ అవసరమొస్తుందని గూట్లో దాచింది. అవసరం వచ్చింది. ఈసారి డాక్టర్ మందలించి, చివరి చుక్క దాకా తాగించమంది. తాగించారు. తగ్గింది. నేను మాత్రం ఎప్పటిలాగే నిండుగా వెళ్లి నిండుగా వస్తూనే ఉన్నాను.

మూడోసారి జ్వరం బడిలోనే వచ్చింది. స్వరూప బీడీల చాట పక్కన పెట్టి పరుగున వచ్చి, పిల్లను బడి నుంచే దవాఖానకు తీసుకుపోయింది. ఈసారి డాక్టర్ గొంతు మారింది. ఇలా జ్వరంతో మళ్లీ మళ్లీ వస్తే కిడ్నీల మీద మచ్చలు పడతాయని, పడినవి మాసిపోవని చెప్పింది. మూత్రం పెద్ద దవాఖానకు పరీక్షకు పంపాలి, స్కానింగ్ తీయించాలి అంది. స్వరూప పిల్లను దగ్గరికి లాక్కుంది. పిల్ల నీళ్లు బాగా తాగుతుందా అని డాక్టర్ అడిగితే, రోజూ సీసా నింపి ఇస్తున్నానంది.

డాక్టర్ నన్ను ఎత్తింది. ఇన్నాళ్లకు ఒకరు నన్ను ఎత్తి చూశారు.

“ఇది ఎప్పుడు నింపినవమ్మా?”

“పొద్దుగాల, మేడం.”

మూత తీసి చూసింది. అంచు దాకా నీళ్లు. అప్పుడు డాక్టర్ పిల్ల వైపు తిరిగి, కోపం లేకుండా, ఎందుకు తాగలేదని అడిగింది. తన్విక చెప్పులు చూసుకుంటూ చెప్పింది.

“తాగితే ఒంటికి వస్తది మేడం. బడిల బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు.”

ఒకసారి మగపిల్లలు తలుపు తోశారట. అందరూ నవ్వారట. ఆ రోజు నుంచి పొద్దంతా బిగపట్టుకుని కూర్చుంటోంది. ఇన్నాళ్లూ నేను కుళ్లుకున్నది కుండ మీద, కరివేపాకు చెట్టు మీద. అసలు కుళ్లుకోవాల్సిన ఆ గొళ్లెం ఊసే నాకు తెలియదు.

మందు ఎన్ని సీసాలు తాగించినా, నీళ్లు తాగకుండా పొద్దంతా బిగపడితే మళ్లీ వస్తుందని డాక్టర్ చెప్పింది. స్కానింగ్‌లో కిడ్నీలు ఇంకా బాగానే ఉన్నాయని తేలింది. ఆ మాట విన్నాక స్వరూప నేరుగా ఇనుప సామాన్ల దుకాణానికి పోయి గొళ్లెం కొన్నది. మర్నాడు పిల్లతో బడికి వచ్చి దాన్ని హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది. పైకి రాశాం, నిధులు రావాలి అన్నాడాయన. ఆమె కదల్లేదు.

“మీ బాత్రూంకు ఉన్నది గద సారూ, గొళ్లెం.”

ఆయన మూలనున్న తన తలుపు వైపు ఒకసారి చూసి, వడ్రంగిని పిలిపించాడు. బిగించేదాకా స్వరూప వరండాలోనే కూర్చుంది. ఆ ఇంటర్వెల్‌లో తన్విక నన్ను సగం తాగింది. అంత సుఖం అభిలాష్ దగ్గర కూడా ఎరగను.

జ్వరం మళ్లీ రాలేదు. కానీ నా మూత పగిలింది. పిల్లకు కొత్త సీసా వచ్చింది, మూతలో గొట్టం, పొట్ట మీద ఎలుగుబంటి. నా మెడ కోసి, బడి బాత్రూంలో నీళ్లు ముంచుకునే మగ్గు చేశారు. ఇప్పుడు నా ఎదురుగా తలుపు, దాని మీద ఆ గొళ్లెం. వచ్చిన ప్రతి ఆడపిల్లా ముందు దాన్నే ముట్టుకుంటుంది. అదంటే నాకు ఒళ్లు మంట.

నిన్న మధ్యాహ్నం తన్విక వచ్చింది. గొళ్లెం వేసి, కొత్త సీసాను మేకుకు తగిలించి, ఏదో పాట పాడుకుంటూ కూర్చుంది. నేను ఆ ఎలుగుబంటిని కసిగా చూశాను. సీసా గాలికి ఊగుతోంది. అడుగున చుక్క నీళ్లు లేవు. ఆ ఒక్కదానికి మాత్రం దాన్ని ఏమీ అనబుద్ధి కాలేదు.