ఊరికొక కవరు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగి పదహారు రోజులైంది. అబ్బాసియాలో దర్జీ ఖాజా హుస్సేన్ ఇంట్లో వెంకటేశ్వరి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతోంది. కిటికీ పరదా తొలగించి వీధి చూస్తుంది. వంటింట్లోకి పోయి బియ్యం డబ్బా మూత తీసి చూస్తుంది. మళ్లీ కిటికీ దగ్గరికొస్తుంది.

ఆమెది రాయచోటి పక్కన పల్లె. జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో ఏడేళ్లుగా పని చేస్తోంది. జూలైలో ఆ ఇంటివాళ్లు యూరప్ వెళుతూ ఈసారి ఆమెను ఇంటికి కాపలా ఉంచారు. యుద్ధం మొదలైన నాలుగో రోజు సైనికులు పక్కింటి తలుపు పగలగొట్టారు. ఆ సాయంత్రమే ఆమె తాళాలు వీధి కాపలా చేసే ఈజిప్టు ముసలాయన చేతిలో పెట్టి, ఊరివాళ్లున్న అబ్బాసియాకు వచ్చేసింది. ఖాజా, ఆయన భార్య ఫరీదా ఆమెకు చోటిచ్చారు.

పక్క గదిలో ఉండే మేస్త్రీ రామసుబ్బయ్య ఆ మధ్యాహ్నం కబురు తెచ్చాడు. పులివెందుల మనిషి. యాభై ఏళ్లుంటాయి, నలుగురికీ పెద్దదిక్కుగా మాట్లాడతాడు.

"బస్సు దొరికింది. తలకు నలభై దినార్లు. బస్రా మీద బాగ్దాద్, ఆడ బస్సు మారి జోర్డాన్ గేటు. అమ్మాన్ చేరితే మనోళ్లు విమానం ఎక్కిస్తాండారంట. ఎల్లుండి పొద్దున్నే బయల్దేరల్ల."

నలుగురూ ఉన్నదంతా తెచ్చి చాప మీద పెట్టారు. రెండు వందల పద్నాలుగు దినార్లు. బస్సుకు నూట అరవై పోతే మిగిలేది యాభై నాలుగు.

"మూడు ఊర్లు దాటల్ల. ఎన్ని దినాలు పడతాదో దేవునికే తెలుసు," అన్నాడు ఖాజా. "యాభై నాలుగుతో ఏం తింటాం, యాడ తిరుగుతాం?"

కిటికీ దగ్గర నిలబడిన వెంకటేశ్వరి వెనక్కి తిరిగింది.

"నేను చెప్తా," అంది.

కిందటి వేసవిలో మామా, అంటే జాబ్రియా ఇంటి యజమానురాలు, ఆమెను పిల్లల కోసం యూరప్‌కు తోడు తీసుకెళ్లింది. లండన్, పారిస్, జెనీవా. మామా అక్కచెల్లెళ్లతో అంగళ్లకు పోతే, ముగ్గురు పిల్లల తిండీ తిరుగుడూ వెంకటేశ్వరి పని. బయల్దేరే ముందే మామా మూడు కవర్లు ఇచ్చింది, ఊరికొకటి. ఒక ఊరి డబ్బు ఇంకో ఊళ్లో తీయకూడదని గట్టిగా చెప్పింది. మొదటి వారం లండన్ కవరు మూడు రోజులకే ఖాళీ చేసి, మామా చేత తిట్లు తిన్నది. ఆ తరువాత నేర్చుకుంది. స్టేషన్లో ఏదీ కొనకూడదు. రొట్టె కాల్చే అంగట్లోనే కొనాలి. టాక్సీ ఎక్కకూడదు, రోజంతా తిరగడానికి ఒకే టికెట్టు ఇచ్చే బస్సు ఎక్కాలి. జెనీవాలో వీధి కొళాయి నీళ్లు తాగొచ్చని అక్కడి పనమ్మాయి చెబితే, ఊరు వదిలేదాకా నీళ్లకు పైసా పెట్టలేదు.

"ఇది యూరప్ గాదమ్మా," అన్నాడు రామసుబ్బయ్య.

"ఆకలి యాడైనా ఆకలే అన్నా. చేతిలో ఉండేది ఒకే చోట కరిగిపోకుండా చూసుకోవల్ల, అంతే."

ఖాజా గుడ్డ కత్తిరించే ముందు గీసుకునే ఖాకీ కాగితాలతో ఫరీదా మూడు కవర్లు అంటించింది. వెంకటేశ్వరికి చదువు రాదు. బస్రా కవరు మీద ఈతచెట్టు గీసింది, బాగ్దాద్ కవరు మీద నది. అమ్మాన్ ఎట్లుంటుందో ఎవరికీ తెలియదు. కొండలుంటాయని ఎవరో చెప్పగా విన్నానన్నాడు ఖాజా. కొండ గీసింది.

సాయంత్రం తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు, కాళ్లకు గోనెపట్టలు చుట్టుకుని. పేరు ఓబులేసు, వఫ్రాలో గొర్రెలు కాసేవాడు. వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న కఫీల్ ఆరు నెలల జీతం ఎగ్గొట్టి సౌదీకి దాటిపోయాడు. మూడు రోజులు నడిచి, బంధువొకడు ఉంటాడని ఈ భవనం వెతుక్కుంటూ వచ్చాడు. ఆ బంధువు వారం కిందటే వెళ్లిపోయాడు.

"నీళ్లు తాగి పోతానక్కా," అన్నాడు.

"యాడికి పోతావు?" అంది వెంకటేశ్వరి.

అతను గుమ్మానికి చేరగిలబడ్డాడు.

అతన్ని వంటింట్లో కూర్చోబెట్టాక రామసుబ్బయ్య గొంతు తగ్గించి అన్నాడు. "వానికి సీటు కొంటే మిగిలేది పద్నాలుగు. అయిదుగురికి పద్నాలుగు దినార్లు. దోవలో అందరం పస్తే. జాలి వేరు, బతుకు వేరు."

వెంకటేశ్వరి గదిలో అటూ ఇటూ నడిచింది. ఆ మాటలో తప్పు పట్టడానికి ఆమెకేమీ దొరకలేదు. కానీ వంటింట్లో ఆ మనిషి నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగడం కనిపిస్తోంది.

"తిండికి డబ్బులు పెట్టకపోతే?" అంది చివరికి. "అంతా ఈడ్నే వండుకొని పోతే? అప్పుడు కవర్లు బస్సులకీ నీళ్లకీ చాలు."

"పిండి యాడిదీ? అంగళ్లు ఖాళీ."

అప్పటిదాకా తలవంచుకుని ఉన్న ఖాజా మూలనున్న కుట్టుమిషన్ వైపు చూశాడు. "పాలస్తీనా రొట్టెలాయన దీన్ని ఎప్పట్నుంచో అడుగుతాండాడు. బస్సులోకి ఎట్లాగూ ఎక్కించుకోరు గదా."

ఫరీదా మొహం పక్కకు తిప్పుకుంది. మర్నాడు పొద్దున ఖాజా మిషన్‌కు నూనె వేసి, గుడ్డతో తుడిచి, కాసేపు చక్రం ఉత్తగా తిప్పి, తోపుడుబండి మీద పెట్టుకుని వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఒక మూట గోధుమపిండి, శనగలు, రెండు డబ్బాల ఖర్జూరం ఉన్నాయి. ఆ రోజంతా ఇద్దరాడవాళ్లు రొట్టెలు కాల్చి గాలికి ఆరబెట్టారు. ఓబులేసు శనగలు వేయించాడు. రామసుబ్బయ్య అయిదో సీటుకు డబ్బు కట్టొచ్చి, సీసాల్లో నీళ్లు నింపాడు.

బస్రాలో బస్సు సగం పూట ఆగింది. కబాబుల వాసనకు అందరి ప్రాణాలూ లాగాయి. వెంకటేశ్వరి ఈతచెట్టు కవరు విప్పలేదు. బాగ్దాద్‌లో దించిన చోటికీ, జోర్డాన్ బస్సు ఎక్కే చోటికీ మధ్య ఊరంతా ఉంది. టాక్సీవాడు పది దినార్లు అడిగాడు. రామసుబ్బయ్య మూటలు ఎత్తబోయాడు. ఆమె ఆపి, పిల్లల చేయి పట్టుకుని నడుస్తున్న ఒకామెను తనకొచ్చిన అరబ్బీలో ఊరి బస్సు ఎక్కడని అడిగింది. ఆమె రోడ్డు చివరకు చూపింది. ఎర్రటి రెండంతస్తుల బస్సు. అచ్చం లండన్‌లో లాంటిదే. చిల్లరతో ఊరు దాటారు.

ఆమె లెక్క తప్పింది సరిహద్దులో. రెండు రోజులనుకున్నది ఎనిమిదయింది. రెండు దేశాల గేట్ల మధ్య ఇసుకలో వేలమంది. లారీలో నీళ్లు తెచ్చేవాడు సీసా దినారు అంటాడు. నాలుగో రోజుకు మూడు కవర్లూ అయిపోయాయి. మనిషికి రెండు రొట్టెలు ఒకటయ్యాయి, ఆ ఒకటి సగమైంది. రామసుబ్బయ్యకు జ్వరమొచ్చింది. ఓబులేసు తన దుప్పటి విప్పి కట్టెలకు కట్టి ఆయనకు నీడ చేశాడు. తన సగం రొట్టె నీళ్లలో నానబెట్టి ఆయన నోటికి అందించాడు.

"వద్దు. నువ్వు తినప్పా," అన్నాడు రామసుబ్బయ్య.

"గొర్రెలెంట తిరిగేవానికి పస్తులు కొత్తా," అన్నాడు ఓబులేసు.

వెంకటేశ్వరి పగలంతా గేటు దాకా నడిచి వచ్చేది, మళ్లీ నడిచేది. తొమ్మిదో రోజు పొద్దున గేటు తెరిచారు.

అమ్మాన్‌లో ఒక బడిలో దించారు. అన్నం పెట్టారు, నీళ్లకు అడ్డు లేదు. విమానానికి పైసా అక్కర్లేదన్నారు. రెండో రోజు రామసుబ్బయ్య బజారు దాకా వెళ్లొచ్చి ఆమె దగ్గర కూర్చున్నాడు. బనియన్ లోపలి జేబులోంచి మడత తీశాడు. తొంభై కువైట్ దినార్లు.

"ఈడ ఎవరూ మార్చరంట. కువైటే పోయింది గదా, చెల్లవంటాండారు."

వెంకటేశ్వరికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నీళ్ల సీసా దినారు ఉన్నప్పుడు ఈ మనిషి ఒంటి మీద తొంభై ఉన్నాయి.

"ఎందుకన్నా?"

"భయం. రేపు ఇంతకన్నా చెడ్డగా ఉంటాదేమోనని. ప్రతి దినమూ అదే అనుకున్యా."

ఆమె లేచి బడి ప్రహరీ దాకా నడిచింది. అక్కడ ఆగలేక తిరిగి వచ్చింది.

"నాకు గాదు, ఓబులేసుకు చెప్పు," అంది.

ఆయన వెళ్లాడు. ఓబులేసు వరండాలో కాళ్లకు కట్టు కట్టించుకుంటున్నాడు. అంతా విన్నాడు.

"తాగుంటే బాగుండు, ఆ నీళ్లు," అన్నాడు. కట్టు వైపే చూస్తూ, "ఖలాస్. ఇంగ ఆ మాట ఎత్తొద్దు," అన్నాడు.

బొంబాయిలో విమానం దిగి, రైలెక్కి కడప చేరారు. స్టేషన్ నుంచి రామసుబ్బయ్య తన ఊరికి పోలేదు. నడవలేని ఓబులేసును వాళ్ల ఇంటి గడప దాకా తీసుకెళ్లి, రెండు రోజులుండి వచ్చాడు. ఖాజా రాయచోటిలో బాడుగ మిషన్ మీద కుట్టుపని మొదలుపెట్టాడు. ఓబులేసు మళ్లీ దేశం దాటనన్నాడు.

మరుసటి ఏడాది కువైట్ తిరిగి తెరుచుకుంది. ఆ అయిదుగురిలో వెంకటేశ్వరి ఒక్కతే వెళ్లింది. "అంత పడ్డాక కూడానా?" అని ఫరీదా అడిగింది.

"ఏమో ఫరీదా, ఇంట్లో కూసుంటే కాళ్లు నిలవడంల్యా," అంది ఆమె, మూట కట్టుకుంటూనే.