కొప్పుకు వదిలిన చోటు

మందుల వేడికి మా చెల్లెలు వసంతమ్మ జుట్టంతా రాలిపోయింది. బెంగుళూరు ఆసుపత్రిలో ఇంకా మూడుసార్లు మందు ఎక్కించాలన్నారు. కుప్పం నుంచి రైల్లోనే పోవాలి. పోయినసారి కిటికీ గాలికి కొంగు జారి, పెట్టెలో వాళ్ళంతా దాని తల చూశారట.

"నున్నటి తల మీద కొంగు నిలవలేదక్కా. గట్టిగా పట్టుకునేది ఏదన్నా ఉంటేనే రైలెక్కుతా. లేదంటే ఈడనే పోతా" అంది ఫోన్లో. ఇది తొంభై ఏడులో మాట.

నేను పుంగనూరులో ఉండేదాన్ని. ఒకప్పటి మా పక్కింటి ఖైరున్నీసా మదనపల్లెలో నూలుతో నమాజు టోపీలు అల్లుతుంది. మర్నాడే బస్సెక్కి ఆమె దగ్గరికి పోయి, మా చెల్లెలికి తలకు కట్టుకునే రుమాలు అల్లాలి, నేర్పమన్నాను.

"యాల కృష్ణమ్మా, కుప్పంలో అంత చలా?" అని నవ్విందామె.

"హార్స్లీ హిల్స్ పోతాండాదంట" అన్నాను. జబ్బు పేరు నోటికి రాలేదు. మా నాన్న కోలారు గనులకు పోయిన రోజూ, మా ఆయన లారీ ఎక్కిన రోజూ భయం పైకి చెప్పింది నేనే. ఇద్దరూ తిరిగి రాలేదు. ఈసారి నోరు మూసుకుంటే మంచిదనుకున్నాను.

"కొలత తెచ్చినావా?"

"నాదే తీసుకో. ఇద్దరిదీ ఒకటే తల."

"బుద్ధి కూడా ఒకటేనా? పాపం, మీ మరిది!"

కొక్కెం సూది చేతికిచ్చింది. నుదుటికి సరిపడా గొలుసు అల్లి, దాని మీద వరుసలు పోసుకుంటూ, రెండు పక్కలా కుట్లు తగ్గిస్తూ మెడ మీదికి దించాలి. మొదటిరోజే మూడుసార్లు విప్పించింది.

"దారం గొంతు పిసుకుతాండావమ్మా. దానికి రవ్వంత ఊపిరాడనీ" అంది.

వెనకవైపుకు వచ్చాక తగ్గించడం ఆపమంది. "ఆడదాని తల కదా, కొప్పుకు చోటు వదలొద్దా?" అంటూ నా కొప్పు మీద వేళ్ళు పెట్టి కొలిచింది. అప్పుడైనా చెప్పాల్సింది. తల ఊపాను.

ఎనిమిది రోజులకు పూర్తయింది. తెల్లటి నూలు, సన్నటి కంతలు. రైలు రోజు పొద్దున్నే కుప్పం చేరాను. వసంతమ్మ మురిసిపోయి కట్టుకుంది. నుదుటి దగ్గర చక్కగా పట్టింది. తర్వాత దాని చెయ్యి మెల్లగా వెనక్కు పోయింది. అక్కడ ఖాళీ సంచిలా వేలాడుతోంది.

"ఈడేముండాదని వదిలినావక్కా?"

విప్పి మంచం మీద పడేసింది. మరిది దొరస్వామి వాకిట్లో చెప్పులు వేసుకుని నిలబడి ఉన్నాడు. రైలుకు ఇంకా గంటన్నర ఉంది.

"నేను రాను. మీరే పోండి" అంది అటు తిరిగి.

నేను సంచిలోంచి కొక్కెం సూది తీసి, కింద కూర్చుని కొస పట్టుకుని లాగాను. వెనకవైపు అల్లినదంతా చిటికెలో ఊడిపోయింది.

"నువ్వు అల్లేలోపల రైలు బెంగుళూరు పోయి తిరిగొస్తాది."

"రానీలే. తల ఇట్లా పెట్టు."

చివరికి వచ్చి నా ఒళ్ళో తల పెట్టింది. అరచేతితో కొలిచాను. వెచ్చగా ఉంది. నాకు పన్నెండేళ్ళప్పుడు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసిన తల అది. ఇంతే ఉండేదేమో అనిపించింది.

"యాల ఏడుస్తాండావు? తడుస్తాది నూలు" అంది కళ్ళు తెరవకుండానే.

ఆఖరి వరుస ప్లాట్‌ఫారం మీద అల్లాను. కట్టుకుని రైలెక్కింది. రైల్లో ఒకామె, "యాడ కొన్నావమ్మా?" అని అడిగితే, "అమ్మేది కాదు" అంది. పోయి కిటికీ పక్కనే కూర్చుంది.

అట్లా రెండుసార్లు పోయి వచ్చాం. మూడోసారి దాన్ని వ్యానులో తెచ్చాం.

స్నానం చేయించడానికి వచ్చిన ఆడవాళ్ళు తల మీది అల్లిక తీయబోయారు. తీయొద్దన్నాను. ముత్తైదువ, పూలు లేకుండా పంపరాదని దొరస్వామి మూరెడు కనకాంబరాలు తెచ్చాడు.

"పూలు యాడ పెట్టేదమ్మా?" అని ఒకామె మెల్లగా అడిగింది.

దండ తెంపాను. ఒక్కొక్క పువ్వు కాడనూ అల్లికలోని ఒక్కొక్క కంతలో దూర్చుకుంటూ పోయాను. మూర పూలు ఎంతకీ తరగలేదు. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు.