నడవని రెండెకరాలు

పదకొండింటికి మేడం వస్తుంది. నాలుగింటికి గోడకు కాంక్రీటు పోసే మిల్లర్ లారీ వస్తుంది. ఆలోపల వాన నీళ్లు పారే వర్రె పూడిపోవాలి. ఆ పొద్దున నేను ఇంకేదీ కోరుకోలేదు.

నా పేరు షేక్ దస్తగిరి. దేవరకొండ చుట్టుపక్కల ఇరవై రెండేళ్లుగా భూములు కొలుస్తున్నాను. ఖిల్లా గుట్టల కింద ఇరవై ఎకరాల సర్కారు జాగాలో పెద్ద పార్కు కడతామన్నారు. దానికి ప్లాను గీసింది సోలాంజ్ బెర్తియే అనే ఫ్రెంచావిడ, మేమంతా మేడం అంటాం. ఊళ్లో చెట్లు ఎక్కడుండాలి, బాటలు ఎక్కడుండాలి, వాన నీళ్లు ఎటు పోవాలి, ఇవి గీయడమే ఆమె పని. ఆమె గీసిందంతా నేనిచ్చిన కొలతల మీదే. ప్లానులో పార్కు దిగువన నాలుగు వందల అడుగుల గోడ ఉంది. గోడ కింద కింది గేరి, ముప్పై రెండు ఇండ్లు.

దాచడమెందుకు, అసలు సంగతి చెప్తాను. ఆ ఇరవై ఎకరాల్లో రెండెకరాలు సర్కారు తుమ్మ. కుక్క కూడా దూరలేనంత చిక్కగా ఉండేది. ఏప్రిల్ ఎండలో నేను దాని చుట్టూ తిరిగి ఎత్తుపల్లాలు తీశాను, లోపలికి మాత్రం పోలేదు. చాయ్ హోటల్లో కూచుని లోపలి అంకెలు నేనే వేశాను. అరవై అంకెలు. నిజమనిపించేట్టు ఒక్కోదానికి చివర పాయింట్లు కూడా తగిలించాను. బద్ధకం అంటే ఒప్పుకోను, అది పొగరు. ఇరవై రెండేళ్ల కన్ను, అర అడుగు కూడా తప్పదనుకున్నాను.

మూడు రోజుల కింద జేసీబీ ఆ తుమ్మ పీకింది. లోపల వర్రె బయటపడింది. గుట్ట మీది వాన నీళ్లు ఏండ్ల తరబడి కోసుకుంటూ పోయిన కందకం, నా ఎత్తు కంటే లోతు. అది కింది గేరి పక్క నుంచి పోయి దూరంగా కుంటలో కలుస్తుంది. గోడ సరిగ్గా దానికి అడ్డం పడుతోంది. గోడ లేస్తే నీళ్లు దానికి తగిలి, పక్కకు తిరిగి, గేరి మీద పడతాయి. గోడ జరపాలి అన్నాను.

కంట్రాక్టర్ నాగేందర్ మాత్రం నవ్వాడు.

"గింత దానికి గంత ఫికర్ ఎందుకు భాయ్? ఇరవై ట్రాక్టర్ల మొరం పోస్తే సదునైతది. గోడ జరపాలంటే మల్ల ప్లాను, మల్ల సంతకాలు, నా పని ఆర్నెల్లు ఆగుతది. నీ లైసెన్స్ ఆర్నెల్లు గాదు, పూరాగ పోతది."

"పెద్దవాన పడితే మొరం కొట్టుకపోతది గదా?"

"అప్పటి సంగతి అప్పుడు."

నేను పక్కకు తప్పుకున్నాను. ట్రాక్టర్లు తిరగడం మొదలుపెట్టాయి.

మేడం పదిన్నరకే దిగింది. అరవై ఏడేళ్లుంటాయి. చేతికర్ర, వెడల్పాటి టోపీ. కారు రోడ్డు మీదే ఆపించి నడుచుకుంటూ వస్తోంది. ముందుగా పరుగెత్తుకొచ్చింది మనీష, ఆమె దగ్గర పనిచేసే హైదరాబాద్ అమ్మాయి. మేడం మాటలు మాకు తెలుగు చేసేది ఈ అమ్మాయే. మేడం వచ్చేలోపు ఆమె గురించి గడగడా చెప్పేసింది. వాళ్ల దేశంలో బొగ్గు గనుల దిబ్బల మీద అడవి లేపిందట. ఏటి ఒడ్డున పాత గోదాములు పోయిన చోట కూలీల పేటకు నీడ తెచ్చిందట. మొరాకోలో ఒక పాత ఊరి సందులు చెడగొట్టకుండా మురుగునీళ్లను బయటికి పంపిందట. ముప్పై ఎనిమిదేళ్లలో ప్రతిచోటా మొదట కాలినడకన తిరిగి, సీసాలో నీళ్లు నేల మీద పోసి అవి ఎటు పారతాయో చూసి, ఆ తర్వాతే పెన్సిల్ పట్టిందట.

"ఇక్కడ మాత్రం కుదరలే అన్నా. మోకాలు ఆపరేషన్ అయ్యింది కదా, మీ సర్వే చూసి ఇంటి నుంచే గీసింది. ఇట్ల చేయడం ఇదే ఫస్ట్ టైం."

నాకు ఒళ్లంతా చెమట. ఎండకనుకుని ఆ పిల్ల నాకు గొడుగు పట్టబోయింది.

మేడం వచ్చీ రాగానే కొత్త మొరం మీద సీసా వంచింది. నీళ్లు ఎటూ పారలేదు, అక్కడే ఇంకిపోయాయి. కర్రతో పొడిచి ఏదో అడిగింది.

"ఈ మట్టి కొత్తదా అంటున్నారు," అంది మనీష.

"సదును చేసినం మేడం, గంతే," నాగేందర్ అందుకున్నాడు.

అప్పుడే కింది గేరి బిక్షమ్మ మేకల్ని తోలుకుంటూ వచ్చింది. మొరం కుప్ప చూసి నిలబడిపోయింది.

"ఏం జేస్తున్రయ్యా మీరు? గీడ వర్రె ఉండె గదా! గుట్ట మీద వాన పడితే గీ తొవ్వనే నీళ్లు ఉరుకుతయి. గోడ గట్టినంక మా ఇండ్లేం గావాలె?"

మనీష చెప్పగానే మేడం నా పటం విప్పింది. ఆ రెండెకరాల మీద వేలు పెట్టింది. అక్కడ నా అరవై అంకెలు ఎంతో పద్ధతిగా ఉన్నాయి. ఆమె ముసలమ్మను చూసింది, పటాన్ని చూసింది, చివరికి నన్ను చూసింది.

"ఈమె చెప్పేది, పటం చెప్పేది ఒకటి కాదు. నేనైతే నడవలేదు. నువ్వు ఇక్కడ నడిచావా అని మేడం అడుగుతున్నారు అన్నా," అంది మనీష.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నాగేందర్ గొంతు సవరించుకున్నాడు.

"నడిచిన మేడం. అవ్వ ముసల్దైంది, జర మతిమరుపు," అన్నాను నేను.

బిక్షమ్మ నన్ను తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "ముసల్దాన్నే సాయిబూ. గని దినాం మేకలు గీడనే మేపుత," అని చెప్పి దిగువకు పోయింది.

గోడ పోయొచ్చని మేడం పటం మీద సంతకం పెట్టింది.

తర్వాత ఏం చేశానో సరిగా గుర్తులేదు. నాగేందర్ బిర్యానీ తెప్పించాడు, నేను పొట్లం విప్పలేదు. మూడున్నరకు ఖిల్లా మీద మబ్బు పట్టింది. గోడ కోసం తవ్విన కాలువ అంచున నిలబడి కిందికి చూశాను. గేరిలో ఆడవాళ్లు ఇటుకలు మోస్తున్నారు. తీసి ఉన్న తలుపులోంచి కనిపిస్తోంది, బిక్షమ్మ ఇంట్లో మంచం కోళ్ల కింద నాలుగు నాలుగు ఇటుకలు పెట్టి ఎత్తు చేస్తున్నారు. పక్కింట్లోనూ అదే పని. బియ్యం సంచులు అటక మీదికి పోతున్నాయి. మాతో వాదించి లాభం లేదని వాళ్లకు అర్థమైపోయింది. అందుకే నీళ్లకు తయారవుతున్నారు. నేను పెట్టిన అంకెలకు వాళ్లు ఇటుకలు పెట్టుకుంటున్నారు. నా మీద నాకే అసహ్యం పుట్టింది.

మిల్లర్ రివర్స్‌లో వస్తూ కూత మొదలుపెట్టింది.

నేను పరుగెత్తాను. వేపచెట్టు కింద కుర్చీలో ఉన్న మేడం ముందు నిలబడితే మనీష కనిపించలేదు, తెలుగు పనికిరాదు. "నో వాకింగ్ మేడం," అన్నాను. "ఐ నో వాకింగ్. నంబర్స్ ఆల్ రాంగ్." చేతులతో లోతు చూపించాను, కింది ఇండ్లు చూపించాను. ఆమెకు ఎంత అర్థమైందో గానీ కర్ర పట్టుకుని లేచి, ఆ మోకాలితోనే గబగబా నడిచి, మిల్లర్‌కూ కాలువకూ మధ్య నిలబడింది. డ్రైవర్ బ్రేకు తొక్కాడు. నాగేందర్ నా అంగీ పట్టుకుని గుంజాడు. గుండీలు తెగిపోయాయి.

ఐదింటికి సర్కారు ఇంజనీరు, ఏఈ సారు, జీపులో దిగాడు. మొరం తీయించి వర్రె చూశాడు. ముఖం మాడ్చుకుని కాగితం తీశాడు.

"పని ఎందుకు ఆపినమో పైకి రాయాలె. తప్పెవరిదో ఒక్క పేరు చెప్పున్రి."

నా పేరు నా గొంతు దాకా వచ్చింది. అంతలో మేడం మాట్లాడింది. మనీష ఒక్కో మాటా ఆగి ఆగి తెలుగు చేసింది.

"ముప్పై ఎనిమిదేళ్లు నడిచాకే గీశాను. ఈసారి నడవకుండా గీశాను. తప్పు నాది, నా పేరే రాసుకోండి."

చెప్పి మనీష నన్నే చూస్తూ ఉంది. మేడం మాత్రం నా వైపు చూడలేదు. ఏఈ సారు పెన్ను కాగితం మీద ఆగింది. 'సారూ, అరవై అంకెలు నేనే వేసిన' అంటే చాలు. లైసెన్స్ పోతే ఈ వయసులో నాకు ఇంకో పని రాదు. నేను తెగిన గుండీల కోసం నేల మీద వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. పెన్ను కదిలింది.

గోడ యాభై అడుగులు జరిగింది. వర్రెకు దారి వదిలారు. మరుసటి ఏడాది ఆగస్టులో మూడు రోజులు ఎడతెగని వాన. వర్రెలో నీళ్లు ఛాతీ లోతున ఉరికాయి, గేరిలోకి చుక్క రాలేదు. ఊళ్లో మాత్రం ఇంకో కథ పుట్టింది. ఫ్రెంచామె ప్లాను తప్పుగా గీస్తే మన దస్తగిరి పట్టుకున్నాడట, మిల్లర్‌ను ఆపి ముప్పై రెండు ఇండ్లు కాపాడాడట. ఆ కథ నేను చెప్పలేదు. కాదని కూడా అనలేదు.

పార్కు తెరిచిన రోజు నాకు శాలువా కప్పారు. జనం చప్పట్లు కొట్టారు. స్టేజీ దిగుతుంటే మనీష ఫోన్ చేసింది.

"ఆ రిపోర్టు అన్ని చోట్లకూ పోయిందన్నా. మేడంకు మళ్లీ ఎవ్వరూ పని ఇవ్వలేదు. ఇంటి దగ్గరే ఉంటుంది. వానలు పడ్డాయా, గేరిలోకి నీళ్లు వచ్చాయా అని అడగమన్నది."

"రాలేదని చెప్పు బిడ్డా. చుక్క గూడ రాలేదు."

"చెప్తా అన్నా." ఫోన్ మాత్రం పెట్టలేదు. "ఇంకేమన్నా చెప్పాల్నా?"

మైకులో ఎవరో నా పేరు పిలుస్తున్నారు, ఫోటోకు రమ్మని.

"ఏం లేదు," అన్నాను.