ఐలవ్వకు తోడుపోయిన ఎండ్రికాయ

మానేరు ఒడ్డున తడి ఇసుక.

ఇసుక నిండా చిన్న చిన్న బొక్కలు. బొక్కబొక్కకూ ఒక ఎండ్రికాయ.

అంతయ్య అడుగుల చప్పుడైతే చాలు, అన్నీ బయటికొస్తాయి. కత్తెర చేతులు పైకెత్తుతాయి. దండం పెడతాయి.

"సిరిసిల్ల మొత్తంల ఎండ్రికాయలు దండం వెట్టేది నాకొక్కనికే" అంటాడు అంతయ్య. "తాసిల్దారుకు వెట్టయి. సాంచాల సేటుకు వెట్టయి. పొయ్యి సూడుండ్రి కావాలంటే."

వినేవాళ్లు నవ్వుతారు.

నవ్వనీ. ఆ దండం వెనుక ఒక వానాకాలం ఉంది.

*

ఎనభైలలో ఒక వానాకాలం అది.

ఇంటి ముందరి గదిలో రెండు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. ఒకటి అంతయ్యది. రెండోది ఆయన బామ్మర్ది సిద్దిరాములు నడిపేది. సాంచాల పక్కన నులకమంచం.

మంచం మీద ఐలవ్వ. అంతయ్య భార్య.

తొలకరికి తడిసిన గడప మీద ఆమె కాలు జారింది. కండెల గంప ఒక దిక్కు. ఐలవ్వ ఒక దిక్కు. నూలు కండెలన్నీ వాకిట్లోకి దొర్లిపోయాయి, వాన నీళ్లలో... తొడ ఎముక విరిగింది.

కరీంనగర్‌లో కట్టు కట్టారు. కొన్నాళ్లకు కట్టు విప్పారు. ఎముక అతికింది అన్నాడు డాక్టరు. ఇక లేవాల్సింది ఆమెనే అన్నాడు. లేవకపోతే కాలు బిగుసుకుపోతుంది, తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు అని కూడా అన్నాడు.

ఐలవ్వ లేవలేదు.

నేల అంటే భయం. పుట్టి పెరిగిన ఊరి నేల, పేడతో తనే అలికిన నేల... ఇప్పుడు దాన్ని చూస్తే చాలు, ఆమె పాదం వెనక్కి ముడుచుకునేది.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి.

ఐలవ్వ తిట్టడం మానేసింది.

పెళ్లినాటి నుంచి అంతయ్య నోట అబద్ధం రాలడం ఆలస్యం, ఐలవ్వ నోట తిట్టు సిద్ధంగా ఉండేది. ఆ ఇల్లు ఆ రెంటి మీదే నిలబడింది. ఇప్పుడు ఒక గుంజ విరిగింది.

"ఐలీ, ఇయ్యాల పోచమ్మ గుడి కాడ ఏనుగు సైకిల్ తొక్కుతుంటే సూసిన" అన్నాడు ఒకరోజు.

ఐలవ్వ గోడవైపు తిరిగి పడుకుంది.

'థూ' అనే మనిషి లేని అబద్ధం — ఉప్పు లేని జొన్నగట్క.

అంతయ్య ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

*

ఆ రోజుల్లో మధ్యాహ్నం కాగానే కరెంటు పోయేది.

సాంచాలు ఆగేవి. పోగుల నడుమ పరుగెత్తే నాడె ఎక్కడిదక్కడ నిలిచిపోయేది. అప్పుడు వాన వినబడేది. పెంకుల మీద వాన. వాకిట్లో వాన. ఐలవ్వ మౌనం మీద వాన...

ఒక మధ్యాహ్నం అంతయ్య మంచం పక్కన నేల మీద సన్నటి గుడ్డ పేలిక పరిచాడు. బొగ్గుతో గళ్లు గీశాడు. ఈ కొన సిరిసిల్ల. ఆ కొన బాసర.

గవ్వలు పచ్చీసువే. ఆట మాత్రం పచ్చీసు కాదు.

ఆటలో ఎవరికి వారు ఒక వేషం కట్టాలి, ఒంటి మీద కాదు, మాటల్లో. వేషానికి ఒక జంతువు తోడు. గవ్వలు చెప్పినన్ని గళ్లు ఆ తోడును నడిపించుకుంటూ బాసర దాకా పోవాలి. దారిలో ఏం జరిగేదీ అంతయ్య చెప్తాడు. వాగు పొంగిందంటే పొంగినట్టే. దొంగలు పడ్డారంటే పడ్డట్టే.

సిద్దిరాములు రాజయ్యాడు. తోడు పులి. చొక్కా గుండీ తీసి గడిలో పెట్టాడు.

పక్కింటి గంగుబాయి బీడీల చాట పక్కన పెట్టి రాణి అయింది. తోడు నెమలి. వక్కపలుకు పెట్టింది. ఆమె ఇచ్చోడ ఆడపిల్ల, సిరిసిల్ల కోడలు. గళ్ల మీద దారి చూసి నోరు తెరిచింది.

"కాకా, బాసరకు పోనీకి నడుమ ఇచ్చోడ ఎందుకొచ్చింది? మా ఊరు గా దిక్కు. బాసర గీ దిక్కు."

"నువ్వు బస్సుల వచ్చినవు బిడ్డా. నేను నడిసి పోయిన. నడిసేటోనికి అన్నీ దార్లే."

అంతయ్య జన్మలో కొండగట్టు దాటి పోలేదు. ఆ సంగతి మంచం మీది మనిషికి తెలుసు. అంతయ్య ఓరకంట అటు చూశాడు.

'థూ' రాలేదు.

"ఐలీ, నీదేం వేషం?"

చాలాసేపు వాన ఒక్కటే మాట్లాడింది.

"నాకేం వేషం. మంచం వేషం."

ఎన్నాళ్లకో వచ్చిన మాట. అంతయ్య దాన్ని జారనివ్వలేదు.

"సరె. మంచమెక్కిన మారాణి. మరి తోడు? ఏనుగునియ్యనా? రెక్కల గుర్రమియ్యనా? కొండగట్టు కోతుల మందనే తోల్కరానా?"

ఏనుగు వద్దు. గుర్రం వద్దు. కోతులు వద్దు. అంతయ్య అడవులన్నీ ఖాళీ చేశాడు. ఆదిలాబాద్ జింకలను పిలిచాడు, దుప్పులను పిలిచాడు, లేని జంతువులను కూడా పిలిచాడు — మూడు తోకల ఎలుగుబంటి, పాట పాడే ఉడుము...

ఐలవ్వ వాసాల వైపు చూస్తూ ఉంది.

తర్వాత మెల్లగా అంది.

"ఎండ్రికాయ."

సిద్దిరాములు పక్కున నవ్వాడు. "అక్కా! నా పులి ముంగట ఎండ్రికాయనా? పులుసుకు తప్ప దేనికొస్తదే అది?"

ఐలవ్వ నవ్వలేదు.

"చిన్నప్పుడు మానేరుల పట్టెటోళ్లం. కాలు వట్టుకుంటె కాలు ఇడిసి పెట్టి పోతది." ఆగింది. "మా నాయిన చెప్పెటోడు... మల్ల మొలుస్తదట."



గంగుబాయి లేచి, చిక్కుపడి పారేసిన నూలు ఇంత తెచ్చి ఐలవ్వ ఒళ్లో పెట్టింది. ఐలవ్వ వేళ్లు కదిలాయి. ముడి మీద ముడి. ముడికి ఒక కాలు. ఎన్నాళ్లుగానో ఊరికే ఉన్న వేళ్లు, కండెలు చుట్టిన వేళ్లు... వాన తగ్గేసరికి ఆమె అరచేతిలో ఒక నూలు ఎండ్రికాయ.

ఒక కాలు కొంచెం పొట్టి.

*

ఆట మొదలయ్యాక సిద్దిరాములుకు అనుమానం వచ్చింది.

"బావా, ఎండ్రికాయ ముంగటికి నడువదు గద. పక్కకే పోతది. మరి ఎటు జరుపుతది అక్క?"

అంతయ్య ఇరుక్కున్నాడు. దొంగలను పుట్టించగలడు, వాగులను పొంగించగలడు. ఎండ్రికాయను ముందుకు మాత్రం నడిపించలేడు. అంత అబద్ధం ఆయనకే నచ్చలేదు.

"పక్కకే" అన్నాడు.

పేలిక సన్నది. రెండు గవ్వలు పడేసరికి ఎండ్రికాయ అంచుకు వచ్చింది. మళ్లీ గవ్వలు పడ్డాయి. గుడ్డ అయిపోయింది.

పులి వేములవాడ దాటింది. నెమలి కొండగట్టు దిక్కు ఎగిరింది. ఎండ్రికాయ ఏ ఊరూ లేని వట్టి నేల మీద ఉంది.

ఆట చెడిపోయిందనుకున్నాడు అంతయ్య. తల గోక్కుంటూ సాంచె వైపు చూశాడు. కరెంటు లేక ఆగిన నాడె, పోగుల నడుమ...

నాడె కూడా పక్కకే పోతుంది.

అటు. ఇటు. పుట్టిన నాటి నుంచి పక్కకే. ఒక్క అడుగు ముందుకు వేసి ఎరగదు.

బట్ట మాత్రం ముందుకు సాగుతుంది.

"నేల మీద కూడా దారి ఉన్నది" అన్నాడు అంతయ్య. బొగ్గు తీసుకుని నేల మీద గళ్లు గీశాడు. పక్కకు. పక్కకు. పక్కకు.

ఆటలో ఒక ఆన ఉంది. ఎవరి తోడును వాళ్లే జరపాలి. వేరే చెయ్యి తగిలితే ఆ జంతువు అడవిలో తప్పిపోయినట్టే. సిద్దిరాములు పులి ఎవరూ చూడనప్పుడు గళ్లు దూకుతోందని పెట్టిన ఆన అది.

ఆ ఆన ఎవరికి తగులుతుందో అప్పుడు ఎవరూ అనుకోలేదు.

మంచం మీద నుంచి ఐలవ్వ చెయ్యి చాపింది. మొదటి రోజు అందింది. మర్నాడు వేలి కొసకు అందింది. ఆ మర్నాడు...

అందలేదు.

గంగుబాయి చెయ్యి ముందుకు వచ్చింది.

"ముట్టకు బిడ్డా" అంది ఐలవ్వ. "తప్పిపోతది."

మంచం కోడు పట్టుకుంది. కళ్లు మూసుకుంది. నడుము జార్చింది. నేల మీద కూర్చుంది.

నేల ఆమెను ఏమీ అనలేదు.

ఆ రోజు నుంచి కరెంటు పోయినప్పుడల్లా ఐలవ్వ మంచం దిగేది. కూర్చునే జరిగేది. ఎండ్రికాయ ఒక గడి. ఐలవ్వ ఒక గడి. పక్కకు. పక్కకు. పులి గోదావరి చూసింది. నెమలి ఇచ్చోడలో తప్పిపోయి మళ్లీ దొరికింది. వాళ్ల దిక్కు ఎవరికీ ధ్యాస లేదు. రాజు, రాణి కూడా ఎండ్రికాయనే చూస్తున్నారు.

*

తంగేళ్లు పూశాయి. బతుకమ్మ దగ్గరపడింది.

ఎండ్రికాయ సాంచె ఇనుప కాలికి వచ్చి ఆగింది. ఇక నేల లేదు.

అప్పుడు అంతయ్య నోరు జారింది. కథ చెప్పే నోరు — కథ ఎటు పోతే అటు పోతుంది.

"అడ్డం గుట్ట వచ్చింది. ఎండ్రికాయ గుట్టెక్కాలె."

అన్న తర్వాత నాలుక కరుచుకున్నాడు. గుట్ట ఎక్కాలంటే సాంచె పైకడ్డీ మీద పెట్టాలి. పైకడ్డీ మీద పెట్టాలంటే నిలబడాలి.

ఐలవ్వ పైకి చూసింది. కింద నేలను చూసింది. ఆమె పాదం మెల్లగా ముడుచుకుంది.

మళ్లీ అదే ముడుచుకోవడం.

అంతయ్య తట్టుకోలేకపోయాడు. ఆమె అటు తిరిగినప్పుడు, దగ్గుతున్నట్టు వంగి, మోకాలితో ఎండ్రికాయను మెల్లగా మంచం దిక్కు నెట్టాడు. గుట్ట లేదు, ఏమీ లేదు, వెనక్కి పో తల్లీ అని...

"ఏయ్ ముసలోడా!"

వాన కూడా ఆగినట్టయింది.

"మోకాలు తియ్యి! నా ఎండ్రికాయను ముట్టుకుంటవా? పెండ్లినాటి సంది సూస్తున్న, ఆటల అబద్ధం, పాటల అబద్ధం! కొండగట్టు దాటని మొగోనివి, బాసర నడిసి పోయినవా? సైకిల్ తొక్కిందా ఏనుగు? థూ!"

తిడుతూ కడ్డీ పట్టుకుంది. తిడుతూ లేచింది. తిడుతూ ఎండ్రికాయను తీసి పైకడ్డీ మీద పెట్టింది.

అప్పుడు చూసుకుంది. కాళ్ల మీద ఉంది తను.

ఎవరూ పట్టుకోలేదు. పట్టుకుంటే తప్పిపోతుందేమో అని.

ఐలవ్వ ఎండ్రికాయను ఒక జానెడు జరిపింది. తనూ జరిగింది. కడ్డీ పట్టుకుని — పక్కకు. పక్కకు. ముందుకు ఒక్క అడుగు వేయకుండా సాంచె ఈ కొన నుంచి ఆ కొన దాకా పోయింది.

కరెంటు వచ్చింది. రెండో సాంచె దడదడలాడింది. అంతయ్య కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమైంది కాకా?" అంది గంగుబాయి.

"నూలు దుమ్ము బిడ్డా" అన్నాడు. దాన్ని ఎవరూ అబద్ధం అనలేదు.

*

దండం సంగతి.

మనిషి నీడ పడితే ఎండ్రికాయ బెదురుతుంది. దగ్గరికొస్తే కొరుకుతా అని కత్తెర చేతులు ఎత్తుతుంది. ఆ సంగతి అంతయ్యకు తెలియంది కాదు. మానేరు ఒడ్డున తెల్లారి దండం పెట్టేది ఎండ్రికాయలు కావు.

అంతయ్యే.

ఎండ్రికాయకు దండం. ఏటికి దండం. చిక్కు నూలుకు దండం. ఆ చెయ్యి చాపి ఆపుకున్న గంగుబాయికి దండం. కరెంటు పోయినందుకు కూడా దండం... సేటు వింటే కొడతాడు.

ఎండ్రికాయల పులుసు మానేశాడు. అది నిజం. ఎసట్లో చింతపండు వాసన వచ్చినప్పుడల్లా పడే బాధ కూడా నిజం.

ఇప్పుడు ఐలవ్వ నడుస్తుంది. కొంచెం ఒరిగి, కొంచెం పక్కకు. కండెల గంప నడుముకు ఎత్తుకుని ఏటి ఒడ్డు దాకా వచ్చి అంతయ్య కథ వింటుంది. కథ చివర ఎండ్రికాయ బాసర చేరుతుంది. గోదావరిలో మునుగుతుంది. సరస్వతమ్మ దాని వీపు నిమురుతుంది. పొట్టి కాలు పొడుగవుతుంది.

ఐలవ్వ ఒక్క చూపు చూస్తుంది.

"సరె సరె" అంటాడు అంతయ్య. "బాసర అబద్ధం. గదొక్కటే నేను కలిపింది. అది యాడికీ పోలే. సాంచె మీదనే ఉన్నది."

నిజమే. ఆ ఆటకు మళ్లీ ఎవరూ కూర్చోలేదు. నూలు ఎండ్రికాయ పైకడ్డీ మీదే ఉంది, తెల్లటి దుమ్ము కప్పుకుని. సాంచె ఆడినప్పుడు సన్నగా వణుకుతుంది. ఇంకా దారిలోనే.

"మరి పోదామా ఎన్నడన్న?" అంది ఒకనాడు ఐలవ్వ, ఏటి దిక్కు చూస్తూ.

అంతయ్య ఉలిక్కిపడ్డాడు. "బాసరకా?"

"ఆఁ. ఇచ్చోడ మీంచేనా?"

తడి ఇసుక. చిన్న చిన్న బొక్కలు. ఒకదాని అంచుకు ఎండ్రికాయ వచ్చింది. కత్తెర చేతులు పైకెత్తింది... అంతయ్యకో, ఐలవ్వకో.

ఎత్తి, పక్కకు నడిచింది —