గొలుసుకట్టు అర్జీ

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు. ఇంటి యజమాని వెంకట్రాజు గారు, ఆయన భార్య వెంకటనరసమ్మ గారు, తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివే వాళ్లమ్మాయి లక్ష్మీదుర్గ, ఏలూరు నుంచి పొద్దున్నే కారులో దిగిన వెంకట్రాజు గారి పెదనాన్న కోదండరామయ్య మాస్టారు. వెనక పంచలో అంట్లు తోముతూ మా అమ్మ. హాల్లో ప్లాస్టిక్ స్టూలు మీద నేను. ఇంట్లో ఎవరెవరున్నారని ఎవరో ఫోన్‌లో అడిగితే వెంకటనరసమ్మ గారు "నలుగురమేనండీ" అన్నారు.

ఆ హాల్లోకి నేను రావడం అదే మొదటిసారి. నా మీద గౌరవం పెరిగి రానివ్వలేదు. మాస్టారికి కంటి ఆపరేషన్ అయింది, తన రాత తనకే మసకగా తప్ప కనపడటం లేదు. నా చేతిరాత బాగుంటుందని మా హైస్కూల్లో ఎవరో చెప్పారు. ఆయన వాళ్ల వంశ చరిత్ర పుస్తకం రాస్తున్నారు. వచ్చే నెల ఏలూరులో ఒక ఫంక్షన్ హాల్లో వాళ్ల వంశం వాళ్లంతా కలిసి భోంచేస్తారట, భోంచేసిన ప్రతివాళ్లకీ పుస్తకం ఒకటి ఇస్తారట. ఫోన్‌కి చెబితే అదే టైపు చేస్తుందని లక్ష్మీదుర్గ అంటే, "దానికి వినయం లేదమ్మా, మధ్యలో ఆగిపోతుంది" అన్నారు. నేను ఆగను. నోట్లో నాలుక లేని పిల్ల అని ఊళ్లో నాకు మంచి పేరుంది.

నేను ఊరికే రాయడం లేదు. పదో తరగతిలో నాకు మంచి మార్కులు వచ్చాయి. ఏలూరులో ఆడపిల్లల జూనియర్ కాలేజీ ఒకటి ఏటా ఐదుగురిని ఫీజు లేకుండా తీసుకుని హాస్టల్ కూడా ఇస్తుంది. ఫారం కింద కమిటీ మెంబరు సంతకం కావాలి. మాస్టారు ఆ కమిటీలో ఉన్నారు. శుక్రవారం ఆఖరు, ఆ రోజు బుధవారం. సంతకం లేకపోతే రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తాను. మా పేటలో నాకంటే ముందు పది పాసైన ఆడపిల్లలు నలుగురూ అక్కడే ఉన్నారు. నా ఫారం టీపాయ్ మీద, ఆయన కళ్లజోడు పెట్టె కింద ఉంది.

"రాయమ్మా," అని మాస్టారు కళ్లు మూసుకున్నారు. "ఒకే గడ్డ, ఒకే గాలి, ఒకే నీరు. అయినను కొందరు ఎదిగిరి, కొందరు ఎదగలేదు. కారణమేమి? బుద్ధిబలము. రాశావా?"

"ఆయ్, రాశానండి."

నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. వాళ్ల వీధి నుంచి మా పేటకి ఒక్కసారి సైకిలు మీద వచ్చినా తెలిసేది, తొక్కక్కర్లేదని. వదిలేస్తే అదే దిగిపోతుంది. కాలువ వాళ్ల పొలాల నెత్తిన పోతుంది. వాళ్లు వాడగా మిగిలింది ఎరువూ మురుగూ కలుపుకుని కోడు అనే మురుగుకాలవలో పడి, మా పేటని ఒరుసుకుంటూ కొల్లేరుకి పోతుంది. ఆయన పుస్తకంలో అది ఒకే నీరు.

తరువాత చింతలపూడి వైపు మెట్టవాళ్ల వంతు వచ్చింది. భూములుండీ తెలివి చాలక ఎండగట్టుకున్నారని రాయించారు. మెట్ట మీదికి కాలువ ఎక్కదన్న సంగతి వెంకట్రాజు గారి గేదెలకి కూడా తెలుసు. ఆ తరువాత కొల్లేరు లంకల వాళ్లు. "రేపటికి దాచుకొనుట ఎరుగని జాతి." వడ్లు గాదెలో పోస్తే ఏడాది ఉంటాయి. చేప సాయంత్రానికే కంపు కొడుతుంది. గాదె ఉన్నవాడు కొడుకుని బడికి పంపి కూర్చోగలడు, వల ఉన్నవాడు తెల్లారి మళ్లీ నీళ్లలోకి దిగాల్సిందే. ఇది కనుక్కోవడానికి లెక్చరర్‌గా రిటైర్ అవ్వక్కర్లేదు. నేను తల దించుకుని 'జాతి' పక్కన చుక్క పెట్టాను.

మా పేటకి రెండు వాక్యాలు దక్కాయి. "శుభ్రత యెడల శ్రద్ధ లేనివారు. అందుచేతనే జ్వరములు, బోదకాలు వారిని విడువలేదు."

మా నాన్నమ్మ హన్నమ్మకి ఎడమ కాలు బోదకాలు. ఆ కాలిని ఆవిడ రోజుకి మూడుసార్లు సబ్బు పెట్టి కడిగి, వేళ్ల సందులు గుడ్డతో ఒత్తుకుంటుంది. మాస్టారు తన కాళ్లని ఏనాడూ అంత జాగ్రత్తగా చూసుకుని ఉండరు, అవసరం రాలేదు కాబట్టి. దోమలకి నిలవ నీళ్లు కావాలి. నిలవ నీళ్లకి పల్లం కావాలి. పల్లంలో మమ్మల్ని ఉంచారు. నేను ఆ రెండు వాక్యాలు కూడా అందంగానే రాశాను.

టీ వచ్చింది. వాళ్లకి పింగాణీ కప్పుల్లో, నాకు కాగితం గ్లాసులో. కప్పులు తక్కువై కాదు, అద్దాల అలమారా నిండా ఉన్నాయి. ఇదివరకు మా వాళ్లకి విడిగా గాజు గ్లాసు ఉండేదట, తాగి కడిగి చూరులో పెట్టాలి. ఇప్పుడు కడగక్కర్లేదు. అభివృద్ధి.

అప్పుడు వెంకట్రాజు గారు మేడ మీద నుంచి ఒక ఇనప ట్రంకు దించుకొచ్చారు. దాని కోసమే మాస్టారు ఏలూరు నుంచి వచ్చింది. వాళ్ల ముత్తాత వెంకటరామన్న గారు పడవ మీద రాజమండ్రి వెళ్లి, ఇంజనీరు దొరకి అర్జీ పెట్టి, ఊళ్లోకి కాలువ తెచ్చాడని వాళ్లింట్లో చెప్పుకుంటారు. ఊళ్లో కూడా అదే చెప్పుకుంటారు. ఆ అర్జీ ట్రంకులో ఉంది. కాగితం పసుపుపచ్చగా అయి మడతల దగ్గర చిరిగింది.

"ఇదేం రాతరా రాజూ, జాంగ్రీలు చుట్టినట్టుంది," అన్నారు మాస్టారు.

"గొలుసుకట్టండి పెదనాన్నగారూ. కలం ఎత్తకుండా రాసేసేవారట కరణాలు. ఇప్పుడెవరికీ రాదండి."

లక్ష్మీదుర్గ ఫోన్‌తో ఫొటో తీసి చదివించబోయింది. అది కన్నడం అంది. తరువాత సింహళం అంది.

"మా అమ్మాయి చదువుద్దండి," అంది మా అమ్మ, వెనక గుమ్మం అవతల నుంచి, చేతులకి సబ్బు నురగతో. "మా మావగారు నేర్పారండి."

వెంకట్రాజు గారు నవ్వారు. "ఏంటి రూతమ్మా, మీ పేటలో కరణీకం ఎప్పుడు మొదలెట్టారు?"

మా తాతయ్య ఇమ్మానుయేలు చర్చిలో ఉపదేశి. దొరల కాలం నాటి బాప్తిస్మాల పుస్తకం, సమాధుల పుస్తకం గొలుసుకట్టులోనే ఉన్నాయి. కళ్లు పోయాక వాటిని నా చేత చదివించి కొత్త పుస్తకంలోకి ఎక్కించాడు. ఆయనకి ఒకటే నియమం. పాత పుస్తకంలో ఉన్న పంక్తి కొత్తదాంట్లో ఉండాలి, లేనిది ఉండకూడదు. సమాధుల పుస్తకంలో కారణం అని ఒక గడి ఉంటుంది. నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివిన గొలుసుకట్టు మాట జ్వరం. కాలువ రాకముందు ఏడాదికి ఒక పేజీ. కాలువ వచ్చి మురుగు మా వైపు నిలవడం మొదలయ్యాక నాలుగు పేజీలు, ఐదు పేజీలు. జ్వరం, జ్వరం, వాంతిబేది, జ్వరం.

కాగితం నా చేతికిచ్చారు. చదివాను. "మహారాజశ్రీ ఇంజనీరు దొరవారి సముఖమునకు, కాపురస్థుడు వెంకటరామన్న అనేక నమస్కారములు చేసి వ్రాయించుకొన్న అర్జీ. తమరు త్రవ్వింప దలచిన కాలువ విషయమై..."

"చాలు," అన్నారు మాస్టారు. "కాలువ విషయమై. విన్నావురా రాజూ? అదీ దూరదృష్టి అంటే. భోజనాల తరువాత మొత్తం మామూలు అక్షరాల్లో ఎత్తి రాసిపెట్టమ్మా. ఆ అధ్యాయానికి అదే ముగింపు."

వాళ్లు భోజనానికి లేచారు. నేను వెనక పంచలో అమ్మ పక్కన కూర్చుని మిగతాది చదివాను. రెండుసార్లు చదివి అమ్మకి చెప్పాను.

అమ్మ గిన్నె బోర్లించింది. "చదివినంత వరకే రాసి ఇచ్చెయ్యవే. వాళ్లలో ఎవరికి తెలుస్తుంది?"

"తాతయ్య..."

"తాతయ్య సంతకం పెడతాడా నీ ఫారం మీద?"

నిజమే. వాళ్ల అబద్ధంలో నా వాటా చాలా చిన్నది, సగం కాగితం రాయకుండా ఊరుకోవడం. ఊరుకోవడం నాకు బాగా వచ్చు. అయినా కలం పట్టుకున్నాక నా వల్ల కాలేదు. పంక్తి తరువాత పంక్తి వచ్చేసింది. నిజం చెప్పాలంటే తాతయ్య ఒక్కడే కారణం కాదు. పొద్దుటి నుంచి వాళ్ల బుద్ధిబలం రాసి రాసి నాకు వేళ్లు నొప్పెట్టాయి.

మూడున్నరకి అందరూ హాల్లో కూర్చున్నారు. నా కాగితం లక్ష్మీదుర్గ తీసుకుంది.

"గట్టిగా చదవమ్మా," అన్నారు మాస్టారు. "నీ గొంతులో వినాలి."

ఆమె చదివింది. "...కాలువ విషయమై ఏమనగా, సదరు కాలువ నా పొలము నడుమ పోవునట్టు మేకులు పాతినారు. ఇందువల్ల నా భూమి చెడి నేనును నా బిడ్డలును నాశనమగుదుము. దిగువను పేటవాండ్ర గుడిసెలుండు పల్లము కలదు. అచ్చటివారు ఏటేట జ్వరములతో చచ్చువారే గనుక అందు త్రవ్విన ఎవరికిని నష్టము లేదు. దయచేసి నా భూమిని విడిచిపెట్టవలెను."

ఆగి, కాగితం తిప్పింది. "వెనకాల దొరగారి జవాబుంది. పల్లమున త్రవ్విన నీరు పొలములకు ఎక్కదు. అర్జీ త్రోసివేయడమైనది."



"అంటే ఆయన వద్దన్నాడా?" అంది లక్ష్మీదుర్గ. పైకే నవ్వేసింది. "పెద్దతాతయ్యా, వద్దంటే వచ్చిందన్నమాట మనకి."

"నువ్వూరుకో," అని వెంకట్రాజు గారు నా వైపు తిరిగారు. "ఇవన్నీ నీ సొంత కవిత్వమా?"

"కాదండి. అందులో ఉన్నదేనండి."

"ఏమో. ఎవరికొచ్చు ఆ రాత? నువ్వేది రాస్తే అదే."

పొద్దున ఎవరికీ రాదని ఆయనే చెప్పారు. ఇప్పుడు అదే నా తప్పయింది. మాస్టారు మాత్రం నన్ను దొంగ అనలేదు. ఆయన పాత కాగితం కంటికి దగ్గరగా పెట్టుకుని, కనపడకపోయినా, చాలాసేపు చూశారు. నేను నిజమే రాశానని ఆయనకి తెలుసని నాకు అర్థమైంది. అందుకే ఆయన మీద ఎక్కువ అసహ్యం వేసింది. వెంకట్రాజు గారిది తెలియనితనం.

"చూడమ్మా శాలినీ," అన్నారు ఎంతో మెత్తగా. పొద్దుటి నుంచి నా పేరు పలకడం అదే మొదలు. "చరిత్ర అంటే ఉన్నదంతా ఎత్తి పోయడం కాదు. సారం తీసుకోవాలి. ముత్తాత గారు అర్జీ పెట్టడం నిజం. కాలువ రావడం నిజం. ఆ రెండూ పక్కపక్కన రాయి, మధ్యలో మిగతాది దేనికి? ఇదిగో నీ ఫారం. నువ్వు అది రాయి, నేను ఇది పెడతాను." కళ్లజోడు పెట్టె పక్కకి జరిపి, జేబులో పెన్ను తీసి మూత విప్పారు.

కొత్త కాగితం నా ముందు పెట్టారు. పెన్ను పట్టుకున్నాను. రెండు వాక్యాలు. ఏలూరు, హాస్టలు, రెండేళ్ల చదువు. గుమ్మం అవతల అమ్మ అంట్లు ఆపేసి నిలబడింది.

నా నోట్లోంచి మాట వచ్చింది. నేనే ఆశ్చర్యపోయాను. "వాలండి," అన్నాను.

"ఏంటమ్మా?"

"మీ పొలం ఎత్తున ఉందండి. మాది పల్లం అండి. వాలు అటు నుంచి ఇటు ఉందని కాలువ మీకొచ్చింది, మురుగు మాకొచ్చింది. ఇందులో మీ ముత్తాత గారి బుద్ధి లేదండి. ఉన్న కాస్తా కాలువని ఆపడానికే వాడారండి. ఆయన మాట దొరలు వినుంటే మీరూ రోజూ కొల్లేట్లోకి దిగేవారండి."

నేను అంత పొడుగు మాట ఎవరి ముందూ ఎప్పుడూ మాట్లాడలేదు. అండి అన్నందుకు కాస్తైనా మెత్తగా వినపడుతుందనుకున్నాను. వినపడలేదు.

మాస్టారు పెన్ను మూత పెట్టేశారు. తొందరపడలేదు. ఫారాన్ని నిలువుగా ఒక మడత, అడ్డంగా ఒక మడత పెట్టి టీపాయ్ అంచుకి తోశారు. "కమిటీలో అందరూ నాలాగే ఉంటారమ్మా," అన్నారు. "అక్కడ కూడా నీకు ఇబ్బందే." ఆ మాట ఆయన బెదిరింపుగా అనలేదు, ఉన్నదున్నట్టు చెప్పారు. రోజంతా ఆయన పలికిన వాటిలో చరిత్ర అదొక్కటే.

వెంకటనరసమ్మ గారు లేచారు. ఆవిడ ఎవరినీ ఏనాడూ కసరరు. ఊళ్లో అందరూ ఆ నెమ్మదిని మెచ్చుకుంటారు. "పొద్దుపోతోంది, వెళ్లమ్మా," అంటూ నా వెనకే వీధి గుమ్మం దాకా వచ్చారు. "మీ అమ్మకి పనుంది, అయ్యాక వస్తుందిలే. నువ్వు ఇంక ఇటు రానక్కర్లేదు."

అరుగు మీదికి దిగి వెనక్కి తిరిగాను. హాల్లో మాస్టారు అప్పుడే లక్ష్మీదుర్గని పిలిచి స్టూలు మీద కూర్చోమంటున్నారు. "నువ్వు రాయమ్మా. వంశకర్త శ్రీ వెంకటరామన్న గారు దూరదృష్టితో..." ఆమె పెన్ను తీసుకుంది. నవ్వడం లేదు.

"అమ్మగారండీ, అర్జీ వెనక రాసున్నది కూడా..." అన్నాను.

ఆవిడ చిరునవ్వుతో తల ఊపి, తలుపు వేసి లోపల గడియ పెట్టుకున్నారు.