బొత్తాంతో చెప్పిన మాట

టైలరుకీ వాళ్ళక్కకీ మాటలు లేవంటే ఆ వీధిలో ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఏడాదిలో సగం రోజులు వాళ్ళకి మాటలుండవు. మిగతా సగం రోజులు వాళ్ళ మాటలు వినేకంటే అవి లేకపోవడమే నయమని పక్కనున్న చెప్పుల షాపాయన అనేవాడు. తమ్ముడికి యాభై ఎనిమిది, అక్కకి అరవై మూడు. ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో ఇల్లు. తమ్ముడు కత్తిరిస్తాడు, మెషిన్ తొక్కుతాడు. అక్క కాజాలు తీస్తుంది, బొత్తాలు కుడుతుంది, అంచులు మడుస్తుంది. భర్త పోయాక, పదిహేనేళ్ళ కిందట, ఒక్క పెట్టెతో తమ్ముడింటికి వచ్చింది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఒక్క మనిషితోనే వేగలేక చస్తున్నాను" అనేవాడు, అక్కకి వినపడేలా.

ఆవిడ ఎడ్డెమంటే ఈయన తెడ్డెం. అయితే మాటలు లేనంత మాత్రాన పని ఆగదు కదా. కోటు ఎప్పటికివ్వాలో చెప్పుకోవాలి, దారం అయిపోతే తెప్పించుకోవాలి. ఆ రాయబారాలన్నీ నడిపింది వాళ్ళ కుక్క.

"బొత్తాం, మీ మామయ్యతో చెప్పు, నల్లదారం అయిపోయిందని" అనేది అక్క, మూడడుగుల దూరంలో కూర్చుని.

"బొత్తాం, మీ అమ్మతో చెప్పు, ఆ ముక్క పొద్దున్నే చెప్పుంటే బాగుండేదని" అనేవాడు తమ్ముడు.

బొత్తాం బల్ల కింద పడుకుని ఒకసారి ఆవిడ వైపు, ఒకసారి ఈయన వైపు తల తిప్పేది. ఎవరి మాటకైనా ఒకేలా తోక ఊపేది. అంత నిష్పక్షపాతి ఇంకొకరు ఆ వీధిలో లేరు.

ఆ పేరెలా వచ్చిందో కూడా చెప్పాలి. వానకి తడిసి దుకాణంలోకి దూరిన గుప్పెడు కుక్కపిల్ల, వచ్చిన గంటలోనే ఒక పెద్దమనిషి కోటు బొత్తాన్ని మింగేసింది. అలాంటి బొత్తాం ఇంకొకటి ఎక్కడా దొరకలేదు. అన్నాచెల్లెళ్ళయినా అక్కాతమ్ముళ్ళయినా ఒక కుక్కపిల్ల వెనక రెండు రోజులు తిరిగి ఎదురుచూసింది లోకంలో వీళ్ళే అయ్యుంటారు. బొత్తాం క్షేమంగా బయటికొచ్చింది. ఆ కోటు తొడుక్కుని తిరుగుతున్న పెద్దమనిషికి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు.

కుక్కకి నాలుగో ఏడు నడుస్తుండగా మొదటిసారి మూర్ఛ వచ్చింది. మధ్యాహ్నం పూట బల్ల కింద పడుకున్నది పడుకున్నట్టే కాళ్ళు బిర్రబిగుసుకుపోయి, దవడలు టకటకా కొట్టుకుంటూ, నురగ కక్కుతూ, పడుకునే పరుగెత్తడం మొదలుపెట్టింది. తల పోయి బల్ల కోడుకి కొట్టుకుంటోంది. నాలుక మింగేస్తుందేమోనని తమ్ముడు నోట్లో వేలు పెట్టాడు. ఆ గాటు బొటనవేలి మీద ఇప్పటికీ ఉంది.

"కుక్క నాలుక మింగదండీ. మీ వేలు మాత్రం మింగుతుంది" అని పశువుల డాక్టరమ్మ కట్టు కడుతూనే చీవాట్లు పెట్టింది. తర్వాత కూర్చోబెట్టి నెమ్మదిగా అన్నీ చెప్పింది. మూర్ఛ వచ్చినప్పుడు పట్టుకుని ఆపకూడదు, చుట్టూ ఉన్న వస్తువులు జరపాలి, దీపం తగ్గించాలి, గడియారం చూసుకోవాలి. అయ్యాక కాసేపు కళ్ళు కనపడనట్టు గోడలకి గుద్దుకుంటుంది, మిమ్మల్నే గుర్తుపట్టదు, దానికి బాధపడకూడదు. మాత్ర పన్నెండు గంటలకొకటి, బతికినంత కాలం వేయాలి. అయిదు నిమిషాలు దాటినా, లేవకుండానే ఒకదాని మీద ఒకటి వచ్చినా, ఉన్నపళంగా తీసుకురావాలి. అన్నిటికంటే ముఖ్యం, మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు. ఈ మాట ఆవిడ మూడుసార్లు చెప్పింది.

ఆ రాత్రే తమ్ముడు కోట్ల భుజాల్లో పెట్టే మెత్తలన్నీ పోగేసి, బల్ల నాలుగు కోళ్ళకీ తొడుగులు కుట్టాడు. కొలతల పుస్తకంలో, ఒక వకీలు పేజీకీ ఒక పంతులమ్మ పేజీకీ మధ్య, బొత్తాంకి ఒక పేజీ ఇచ్చాడు. పైన మెడ, ఛాతీ. కింద వచ్చిన ప్రతి మూర్ఛకీ ఒక వరస. 'వంటింటి గుమ్మం. రెండు నిమిషాలు. లేచాక నీళ్ళు తాగింది.' 'మెట్ల దగ్గర. నిమిషంన్నర. అక్కని చూసి మొరిగింది.' అక్కేమో పద్నాలుగు గదుల బొత్తాల డబ్బా ఒకటి ఖాళీ చేసి, వారానికి సరిపడా మాత్రలు సర్దింది. పై వరస పొద్దుటివి, కింది వరస సాయంత్రానివి. పొద్దున్న ఏడింటికి తమ్ముడి వంతు, సాయంత్రం ఏడింటికి అక్క వంతు. ఆవిడ ఫోనులో అలారం పెట్టుకుంది. మాత్రని వెన్న రాసిన రొట్టె ముక్కలో పెట్టి ఇస్తే బొత్తాం గుటుక్కున మింగేది.

ఆ మందుకి ఆకలెక్కువ. బొత్తాం లావెక్కింది. ఆర్నెల్లకోసారి మెడ కొలత తీసుకుని పటకా విప్పి కుట్టేవాడు టైలరు. "నీ దగ్గర కుట్టుకూలి తీసుకునుంటే ఈపాటికి మేడ కట్టేవాణ్ణిరా" అనేవాడు. వారానికోసారి వచ్చే మూర్ఛ నెలకోసారయింది, తర్వాత రెండు మూడు నెలలకోసారయింది. అలా మూడేళ్ళు గడిచాయి. ఏం తగువులాడుకున్నా ఆ ఏడు గంటలు మాత్రం ఇద్దరూ తప్పలేదు.

ఆఖరి తగువు ఒక ఆడమనిషి కోటు గురించి. ఆడవాళ్ళ కోటుకి కాజాలు కుడివైపు రావాలి. ఎడమవైపు తీసున్నాయి. నువ్వు సుద్దతో గుర్తు పెట్టిన చోటే తీశానంది అక్క. నేను సరిగ్గానే పెట్టానన్నాడు తమ్ముడు. గుర్తు తనే తప్పు పెట్టాడని ఆయన మనసుకి తెలుసు. ఒప్పుకుంటే ముత్యాలు రాలిపోతాయి కాబోలు, నోరు మాత్రం పెగల్లేదు. అప్పట్నుంచీ మాటలు బంద్.

నాలుగో రోజు అక్క ప్రయాణమైంది. పక్క ఊళ్ళో ఆవిడ చిన్ననాటి స్నేహితురాలికి కంటి ఆపరేషను. సంచి భుజాన వేసుకుని గుమ్మంలో ఆగి, వంగి బొత్తాం చెవి నిమిరింది.

"బొత్తాం, మీ మామయ్యతో చెప్పు" అని మొదలుపెట్టింది.

తమ్ముడు మెషిన్ ముందున్నాడు. ఆ గొంతు వినగానే ఒళ్ళు మండింది. కాలికింద పెడల్ ఉంది. తొక్కాడు. చక్రం గిర్రున తిరిగింది, మెషిన్ చప్పుడు గదంతా నిండింది. అక్క పెదవులు కదలడం కనిపించింది. తల తిప్పుకున్నాడు. సూది కింద గుడ్డ లేదు. ఉత్తి మెషిన్ని, ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా, అలా తొక్కుతూనే ఉన్నాడు.

సాయంత్రం ఏడింటికి బొత్తాం వచ్చి ఆయన మోకాలి మీద గడ్డం ఆనించింది. తర్వాత వెళ్ళి బొత్తాల డబ్బా ఉన్న అలమార ముందు కూర్చుంది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళి కూర్చుంది.

"మీ అమ్మ పెట్టే వెళ్ళుంటుంది లేరా తిండిపోతా" అన్నాడు టైలరు. అక్క ఏ పనైనా ముందే చేసిపెట్టుకునే మనిషి. మాత్ర కూడా ముందే వేసి ఉంటుందనుకున్నాడు. లేచి డబ్బా తెరిచి చూస్తే సరిపోయేది. కింది వరస ఆవిడది, ఆవిడ వరస తనెందుకు చూడాలి? ఆఖరి బస్సుకి ఆవిడ రాలేదు. ఫోను చేస్తే తను తగ్గినట్టవుతుందని చేయలేదు. పంతం అంటే అంతే, మనిషిని కుర్చీకి కట్టేస్తుంది.

మర్నాడు పొద్దున్న ఆరుంపావుకి, మొహం కడుక్కుంటుంటే, బల్ల కోడు తొడుగు మీద ఏదో మెత్తగా కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. మూడేళ్ళుగా తెలిసిన చప్పుడు. పరుగున వచ్చి, కుర్చీ జరిపి, గడియారం చూశాడు. రెండు నిమిషాలకి తగ్గింది. బొత్తాం లేవలేదు. ఊపిరి మాత్రం బుసబుసమంటోంది. మాత్ర కోసం డబ్బా తెరిచాడు. కింది వరసలో, నిన్నటి గదిలో, తెల్లటి మాత్ర ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఆయన దాన్ని చూస్తూ ఉండగానే వెనక రెండోది మొదలైంది.

మూడోది వీధిలో వచ్చింది. చేతికందిన గుడ్డలో కుక్కని చుట్టి ఎత్తుకున్నాడు. అది ఆ ఆడమనిషి కోటని ఆయనకి తెలియనే లేదు. చెప్పుల షాపాయన కారు తీశాడు. దారిలో ఇంకొకటి. టైలరు లెక్కపెట్టడం మానేసి, "ఉండరా, ఉండరా" అనడం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ ఇంజక్షన్ చేసింది, సెలైను పెట్టింది. చాలాసేపటికి ఒళ్ళు వదులైంది. మాత్ర ఏమైనా తప్పిందా అని ఆవిడ అడిగితే, లేదండీ అన్నాడు. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యమేసింది. చెప్పుల షాపాయనే అక్కకి ఫోను చేశాడు.

అక్క పన్నెండింటికి ఆసుపత్రికి వచ్చింది. సంచి భుజాన ఉండగానే బల్ల పక్కన నిలబడి బొత్తాం చెవి నిమిరింది. కుక్క కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, చూపు లేదు. ఆవిడ తమ్ముడి వైపు తిరగలేదు.

"బొత్తాం" అంది, "మీ మామయ్యనడుగు, నిన్న సాయంత్రం మాత్ర వేశాడా అని."

తమ్ముడు గోడకి ఆనుకున్నాడు. "మీ అమ్మతో చెప్పు... ఆవిడ వేసి వెళ్ళిందనుకున్నానని."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆవిడకి అంతా అర్థమైంది. మొదటిసారి ఆ కుక్క ఎవరి మాటకీ తోక ఊపలేదు.

సెలైనులో ఇస్తున్న మత్తుమందు కాస్త తగ్గించగానే మళ్ళీ మూర్ఛ వచ్చింది. మూడింటికి గుండె ఆగిపోయింది. ఒక్క పూట కూడా మాత్ర తప్పని కుక్కలకి కూడా ఇలా అవుతుంటుందనీ, దీనికి ఎందుకయిందో ఎవరూ ఖాయంగా చెప్పలేరనీ డాక్టరమ్మ అంది. అది నిజం కావచ్చు. ఆవిడ మంచిది కాబట్టి అంటోందని మాత్రం ఇద్దరికీ తోచింది.

పెరట్లో, బట్టలారేసే తీగ కింద పాతిపెట్టారు. ఆ కోటులోనే. కోటు మనిషికి ఇంకో కోటు కుట్టి ఇస్తానని టైలరు కబురు పంపాడు.

తర్వాత నాలుగు రోజులు ఆ ఇంట్లో మాట లేదు. ఇది తగువు కాదు. ఎలా మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. కోటు కుట్టేసరికి నల్లదారం అయిపోయింది. అక్క ఖాళీ రీలు తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. తమ్ముడు చూశాడు. రీలు అక్కడే ఉంది. ఆబోతుల మధ్య లేగదూడ నలిగిపోయినట్టు తమ మధ్య ఆ మూగప్రాణి నలిగిపోయిందని ఆయనకి తిండి సహించలేదు. అంతకంటే బాధ ఇంకొకటి ఉంది. అక్క చెప్పుల షాపాయనతో అనడం విన్నాడు: "తప్పు నాదేనండీ. వాడి మొహం చూసి చెప్పుండాల్సింది. నేను చెప్పకుండా పోతే వాడికేం తెలుస్తుంది?" ఆయన ఊరుకుంటే చాలు, ఆ తప్పు జన్మంతా అక్కదే అయిపోతుంది. కాజాల తప్పులాగే.

అయిదో రోజు సాయంత్రం అక్క, సూదిలో మిగిలిన కాస్త దారంతో, కొత్త కోటుకి కాజాలు తీస్తోంది. ఈసారి గుర్తు కుడివైపు ఉంది. తమ్ముడు కత్తెర కింద పెట్టాడు.

"అక్కా."

ఆవిడ సూది ఆగింది. నేరుగా ఆ పిలుపు విని పది రోజులవుతోంది.

"నువ్వు చెప్పావు. నేనే వినలేదు. వినపడకూడదనే మెషిన్ తొక్కాను." "సూది కింద గుడ్డ కూడా లేదక్కా."

ఆవిడ చేతిలోని కోటు ఒళ్ళో పెట్టుకుంది.

"తెలుసు" అంది. "గుడ్డ ఉన్నప్పటి చప్పుడేదో, లేనప్పటి చప్పుడేదో నాకు తెలియదా? గుమ్మంలో ఉండగానే తెలిసింది, వీడు నా మాట వినకుండా ఉత్తి మెషిన్ తొక్కుతున్నాడని. లోపలికొచ్చి భుజం పట్టుకుని చెప్పొచ్చు. నాలుగడుగులు. చెప్పాల్సింది బొత్తాంతో చెప్పేశాను కదా, ఇక వాడి ఖర్మ అనుకుని బస్సెక్కాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏడింటికి అక్కడ అలారం మోగింది. ఆపేసి, మాట్లాడుకుంటూ కూర్చున్నాను."

అప్పుడు నిజంగానే అలారం మోగింది. ఫోను బొత్తాల డబ్బా పక్కన ఉంది. ఈ అయిదు రోజులూ మోగినంతసేపు మోగి అదే ఆగిపోయేది, ఇద్దరూ విననట్టు నటించేవారు.

"నువ్వు ఆపుతావా, నన్ను ఆపమంటావా?" అంది అక్క.

"నేను ఆపుతాను."

లేచి వెళ్ళి ఆపాడు. రేపట్నుంచి మోగకుండా తీసేయనా అని అడిగాడు. వద్దు, ఉండనీ అంది. వచ్చి తన చోట కూర్చున్నాడు. ఆవిడ సూదికి దారం ఎక్కించబోయి, బల్ల మీదున్న ఖాళీ రీలు చేతిలోకి తీసుకుంది.

"నల్లదారం అయిపోయింది" అంది.

ఆ మాట తమ్ముడితోనే అంది. అయినా ఇద్దరి చూపూ బల్ల కిందికే పోయింది.